వినపడని చెవి వైపు వరస

ఫాదర్ వాలెంతి గారికి ఎడమ చెవి వినపడదు. ఈ సంగతి మా పేటలో పాపం చేసే వయసొచ్చిన ప్రతివాడికీ తెలుసు. అందుకే క్రిస్మస్ ముందు పాపసంకీర్తనం వినడానికి ఆయన కూర్చునే చెక్క అరకి ఎడమ పక్క పద్దెనిమిది మందిమి నిలబడ్డాం, కుడి పక్క ఇద్దరే ఇద్దరు. ఒకరు ఈ ఊరికి కొత్తగా వచ్చిన పళ్ళ డాక్టరమ్మ, ఆవిడకి తెలియదు పాపం. రెండోది మా ఆవిడ హలీనా, ఆవిడకి తెలుసు, తెలిసీ అక్కడే నిలబడుతుంది, పెళ్ళయిన ఇన్నేళ్ళుగా వినపడే చెవికే చెప్పుకుంటుంది, చెప్పుకోవడానికి ఆవిడకి ఏముంటుందో నాకు అర్థం కాదు, బహుశా నేనే అయివుంటాను. ఈ వరసలో ఎవరికి ఎవరూ ఏ వరసా కారు, అయినా అందరి వరసా ఒకటే, టోపీ చేతిలో నలుపుకుంటూ ముందువాడి వీపు చూస్తూ వీడేం చేసుంటాడా అని ఊహించుకోవడం. ఆగమన కాలం అని పేరు పెట్టారు గాని ఆగమనే కాలం అనాల్సింది, ఆగు, ఇంకా నలుగురున్నారు, ఆగు, ఈ ముందున్నాయన మోకరించి ఐదు నిమిషాలైంది, వినపడని చెవికి ఇంత వివరంగా చెప్పడమెందుకో, రాతినేల చలి బూటు అడుగులోంచి పైకి పాకి మోకాలి దగ్గర మకాం పెట్టింది, మోకాలు ఎలాగూ కాసేపట్లో మోకరిల్లాలి కనుక ముందే వచ్చి కూర్చుంది కాబోలు. పాపసంకీర్తనం అన్న మాట ఎవరు పెట్టారో గాని నాలాంటివాడికి కుట్టించినట్టుంది, సంకీర్తనం అంటే గొంతెత్తి చేసేది కదా, పెళ్ళిళ్ళలో మైకు పట్టుకుని జనాన్ని లేపి ఆడించి నవ్వించడం నా వృత్తి, మైకు చెడిపోయిన రోజున కూడా నా పని చెడిపోలేదు, నేను గుసగుసలాడితే ట్రాక్టరు స్టార్టయినట్టు ఉంటుందని హలీనా అంటుంది. అదిగో ఆవిడ, బూడిదరంగు కోటు, సర్జరీ తర్వాత రెండు సైజులు వదులైపోయి ఇప్పుడిప్పుడే మళ్ళీ నిండుతున్న కోటు. ఆ కోటు నిండుతున్న కొద్దీ నా ఊపిరి నిండుతోంది, ఈ ఏడాదంతా నేను క్యాలెండరు చూడలేదు, ఆ కోటు గుండీలే చూశాను.

పొద్దున పదకొండింటికి హలీనా స్కాను రిపోర్టు వచ్చింది. ఏమీ లేదు. డాక్టరు కాగితం తిప్పి చూసి, కళ్ళద్దాలు తీసి, మళ్ళీ పెట్టుకుని, "ఏమీ లేదమ్మా, శుభ్రంగా ఉంది, మళ్ళీ జూన్‌లో రండి" అన్నాడు, ఏమీ లేదు అన్న మాటలో ఇంత ఉంటుందని నాకు తెలియదు, యాభై నాలుగేళ్ళ నా నోట్లోంచి వచ్చిన మాటలన్నీ ఒకవైపు పెట్టినా ఈ ఏమీ లేదు ముందు ఏమీ లేదు. హలీనా బయటికొచ్చి బస్టాపు బెంచీ మీద కూర్చుని పదినిమిషాలు బూట్ల లేసులు కట్టుకుంది, అవి అప్పటికే కట్టి ఉన్నాయి. నేను పక్కన నిలబడ్డాను. ఆనందం వచ్చింది, రాలేదని కాదు, వచ్చి గుమ్మం దగ్గర ఆగింది, లోపలికి రమ్మనే ధైర్యం నాకు లేదు. ఏప్రిల్‌లోనూ ఇంతే, ఆగస్టులోనూ ఇంతే. ప్రతిసారీ మంచి కబురే, ప్రతిసారీ నేను టిక్కెట్టు లేకుండా బస్సెక్కినవాడిలా దిగాను, తప్పించుకున్నానే గాని ప్రయాణం నాది కాదు, చెకింగువాడు ఇంకా ఎక్కలేదు, అంతే, వచ్చే స్టాపులో ఎక్కుతాడు, ఎక్కి నన్ను పట్టుకోడు, పక్క సీట్లో కూర్చున్న హలీనాని దింపేస్తాడు. ఇదీ నా భయం. దీన్ని ఎవరికీ చెప్పలేదు. చెప్పానంటే చెప్పాను, ఈస్టరుకి, ఈ ఎడమ చెవికే.

వెనక నుంచి ఎవరో వేలితో పొడిచారు. యద్వీగ గారు, మా కింది అంతస్తు ఆవిడ.

"జెనెక్ గారూ, మీరింత బుద్ధిగా ఉన్నారంటే చాలా పెద్దదే చేసుంటారు."

"నాది చిన్నదేనండీ. మీ జాబితా పొడుగు కదా, ముందుకెళ్తానంటే జరుగుతాను."

"నా జాబితాలో సగం మీ డ్రిల్లు మిషను మీద తిట్లే. మీరే వెళ్ళండి. మీరు చేసింది చెప్పాక నేను తిట్టింది చెప్తే ఆయనకి తేలిగ్గా బోధపడుతుంది."

ముందున్న ముసలాయన వెనక్కి తిరిగి ష్ అన్నాడు. మేమిద్దరం స్కూలు పిల్లల్లా తల వంచుకున్నాం. నవ్వొచ్చింది, కడుపులో పుట్టి మెడదాకా వచ్చింది, ఆపుకున్నాను, నవ్వు ఆపుకోవడం ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు, జనవరిలో నేర్చుకున్నాను, పదకొండు రోజుల కోర్సు. జనవరి ఆఖరి సోమవారం హలీనాని లోపలికి తీసుకెళ్ళారు, చక్రాల మంచం మూల తిరిగేటప్పుడు ఆవిడ చెయ్యి దుప్పట్లోంచి బయటికొచ్చి నాకేసి ఊపింది, రైలెక్కినవాళ్ళు ఊపినట్టు. తలుపు మూసుకుంది. ఆసుపత్రిలో కింద చిన్న ప్రార్థన గది, హీటరు, నాలుగు కుర్చీలు, ప్లాస్టరు మరియమ్మ, ఆవిడ కుడిచేతి బొటనవేలు కొస విరిగిపోయింది, నేను ఆ వేలు వంకే చూస్తూ నాలుగు గంటలు కూర్చున్నాను. ఇవ్వడానికి ఏముందని వెతికాను. సిగరెట్లు ఎప్పుడో మానేశాను, మందు హలీనా మాన్పించింది, మాంసం మానేస్తే అది డాక్టరు చెప్పిన పనే అవుతుంది గాని భక్తి అవదు. దేవుడికి ఇవ్వదగ్గదంటూ నా దగ్గర మిగిలింది నోరొక్కటే. ఆవిడని బయటికి తీసుకురా, ఏడాది పాటు నా నోట హాస్యం రాదు, ఒక్క ముక్క రాదు, అన్నాను. పైకే అన్నాను, గట్టిగా, నాకు ఇంకోరకంగా అనడం రాదు కదా, మూడో కుర్చీలో ఉన్నాయన లేచి వెళ్ళిపోయాడు. అలా పట్టాను నోరు మూసుకునే నోము. మొక్కు మొక్కినంత తేలిక కాదు మొక్కలా దాన్ని పెంచడం అని అప్పుడే ఒక మాట పుట్టింది, దాన్ని పుట్టగానే పీక పిసికాను. సాయంత్రం డాక్టరు వచ్చి గడ్డ మొత్తం తీసేశాం అన్నాడు, గడ్డ పోయింది గట్టెక్కాం అని నాలిక చివరికొచ్చింది, మింగాను, మందుబిళ్ళ మింగినట్టు నీళ్ళు లేకుండా మింగాను, అది మొదటిది. పైవాడు మాట నిలబెట్టుకున్నాడు, నేనూ నిలబెట్టుకుంటాను అనుకున్నాను. ఇద్దరు మగాళ్ళు చెయ్యి కలిపినట్టు అనుకున్నాను, ఎంత పొగరు.

వరస ఒక అడుగు కదిలింది. పళ్ళ డాక్టరమ్మ అయిపోయింది, కొయ్య మీద ఫాదర్ వేళ్ళ కణుపులు టక్ టక్ మన్నాయి, ఇక లేవచ్చు, నీ పాపం పోయింది, తర్వాతివాళ్ళు. ఆ చప్పుడంటే చిన్నప్పటి నుంచీ నాకిష్టం, ఇంటికి తాళం తీసిన చప్పుడులా ఉంటుంది, ఈస్టరుకి మాత్రం తలుపు వేసిన చప్పుడులా వినపడింది. ఐదో రోజున హలీనాని ఇంటికి తీసుకొచ్చాను. మెత్తగా నడిచాను, మెత్తగా మాట్లాడాను, దిండు సర్దాను, విశ్రాంతి తీసుకో అన్నాను, ఆ మాట నేను జీవితంలో ఎవరికీ చెప్పలేదు, నిద్రపోయేవాళ్ళని లేపి కథ చెప్పే జాతి నాది. ఆవిడ నా మొహం చూసేది. "ఏదన్నా చెప్పు" అనేది. సూపు కాచానని చెప్పేవాణ్ణి. "డాక్టరు నీతో విడిగా మాట్లాడాడా?" అనేది. లేదనేవాణ్ణి, నిజమే, లేదు, కాని హాస్యం లేని నా నోట నిజం కూడా అబద్ధంలా వచ్చేది. ఆ శనివారం ఒక పెళ్ళి ఒప్పుకుని ఉన్నాను, పెళ్ళిళ్ళు చెయ్యని తపస్సు కాలం మొదలయ్యే లోపల అందరికీ పెళ్ళిళ్ళ తొందర, వెళ్ళాను, మైకు పట్టుకుని వధూవరులకు శుభాకాంక్షలు, భోజనాలు ఎడమవైపు అన్నాను. పెళ్ళికూతురి తల్లి నన్ను మూలకి లాక్కెళ్ళింది. "అయ్యా, మీ ఇంట్లో ఎవరన్నా పోయారా?" "లేదమ్మా." "మరి మా ఇంట్లో పోయినట్టుందే!" ఇంటికొచ్చేసరికి హలీనా కుర్చీ వేసుకుని కూర్చుని బీరువాలో నా మేజోళ్ళు జతలు కట్టి చలికాలంవి, ఎండాకాలంవి అని చీటీలు అంటిస్తోంది. మర్నాడు వాషింగ్ మిషను ఎలా తిప్పాలో నాకు నేర్పింది. ఆ మర్నాడు ఫొటోల డబ్బా ముందేసుకుని, ఇది బావుందా అది బావుందా అని అడిగింది, ఎందుకని నేను అడగలేదు, సమాధి రాయి మీద పెట్టే పింగాణీ ఫొటో కోసమని నాకు తట్టనైనా తట్టలేదు, మొక్కు కాపాడుకునే పనిలో పెళ్ళాం మొహం చూడ్డం మానేశాను నేను.

పదకొండో రోజున ఫ్రీజరు తెరిచాను. పియెరోగి కుడుముల డబ్బాలు, వరసగా, ప్రతిదాని మీదా ఆవిడ గుండ్రటి అక్షరాలు. జెనెక్, మార్చి. జెనెక్, ఏప్రిల్. జెనెక్, మే. జెనెక్, జూన్. నేను ఊళ్ళో తిరిగే వేళల్లో, కుట్లు పచ్చిగా ఉన్న మనిషి, వాళ్ళ అక్కని పిలిపించుకుని, తను పోయాక నేను పస్తుండకుండా జూన్ దాకా వండి గడ్డకట్టించి పెట్టింది. ఫ్రీజరు తలుపు తెరిచే ఉంది, చలి మొహాన కొడుతోంది, ఆవిడ వెనక గుమ్మంలో నిలబడి ఉంది, దొరికిపోయినట్టు. నాలో ఏది తెగిందో తెలియదు, నేను అననే లేదు, అదే వచ్చింది. "ఏమే, జూలైకి లేదేం? జూలైలో పోయేది నేనా?" ఆవిడ గుమ్మం పట్టుకుని నవ్వింది, రెండో చేత్తో పొట్ట పట్టుకుని "అయ్యో కుట్లు, నా కుట్లు" అంటూ నవ్వింది, నవ్వుతూనే నేల మీదికి జారి కూర్చుని ఏడ్చింది. "అయితే నేను చచ్చిపోవట్లేదా?" "ఎవరు చెప్పారే నీకు?" "నువ్వే. నువ్వు జోకులెయ్యట్లేదు కదరా." ఆ వంటింటి నేల మీద నేను కూడా కూర్చుండిపోయాను. ఆవిడ భుజం మీద నా గడ్డం, నా పైన వంటింటి కప్పు, కప్పు పైన ఆయన. ఆయన వంక చూశాను, దొంగచూపు. ఏడాదికి మొక్కి పదకొండు రోజులిచ్చాను.

ఆ చూపు దించుకోలేక ఈ ఏడాదంతా నడిచాను. నోరు మళ్ళీ మామూలుగానే వాగింది, ఇంకో రెండు మార్కులు ఎక్కువే వాగింది, లోపలి మనిషి మాత్రం మెడ మీద కత్తి వేలాడుతున్నట్టు నడిచాడు. బూడిద బుధవారం ఫాదర్ హలీనా నెత్తిన చిటికెడు బూడిద చల్లి మట్టివి, మట్టిలో కలుస్తావు అన్నప్పుడు వద్దు అని అరవబోయి దగ్గుగా మార్చాను. ఈస్టరు ముందు శనివారం గుడ్లూ ఉప్పూ బుట్టలో పెట్టుకుని అభిషేక జలం చల్లించుకోవడానికి వెళ్తే, చుక్కలన్నీ పక్కవాళ్ళ బుట్టల మీద పడ్డట్టే అనిపించింది, మళ్ళీ చల్లండి అని అడిగాను, అందరూ నవ్వారు, నేను అన్నది జోకు అనుకున్నారు. నవంబరు ఒకటిన, అందరూ సమాధులు శుభ్రం చేసే పండగరోజున, మా నాన్న సమాధి మీద ఆకులు ఊడుస్తూ హలీనా హాయిగా కూనిరాగం తీస్తుంటే, పక్కనే ఉన్న ఖాళీ జాగాకి అడ్డంగా నిలబడ్డాను, గంటసేపు, నా వెడల్పు మొదటిసారి ఒక పనికొచ్చింది. మొన్న శుక్రవారం పూజలో జెకర్యా కథ చదివారు, దేవదూత మాట నమ్మనందుకు తొమ్మిది నెలలు మూగవాడైపోయిన ముసలి యాజకుడు, ఆయన తొమ్మిది నెలలు ఓర్చుకున్నాడు, నేను పదకొండు రోజులకే కక్కేశాను అని కుమిలాను, అయితే ఆయన నోరు దేవుడు మూశాడు, నా నోరు నేనే మూసుకున్నాను కదా అని ఇప్పుడు, ఈ చలిలో, ఈ వరసలో, మొదటిసారి తడుతోంది. తట్టి ఊరుకోదు, తడుతూనే ఉంది.

హలీనా మోకరించింది. కుడి పక్క జాలీ దగ్గర ఆవిడ తల, ఇటుపక్క నుంచి బూట్ల అడుగులు మాత్రమే కనపడుతున్నాయి, ఎడమ మడమ అరిగింది, కొత్తవి కొనిపెట్టాలి, కొత్త బూట్లు అరిగేంత కాలం నడుస్తుందిగా మరి, ఏమీ లేదన్నాడుగా. రెండు నిమిషాలు పట్టలేదు. టక్ టక్. లేచి, ఫాదర్ మెడలో ఉన్న ఊదారంగు పట్టీని ముద్దుపెట్టుకుని, మూడో బెంచీలో కూర్చుంది. మొహం కడుక్కున్నట్టుంది. అసూయ కలిగింది నాకు, ఆ రెండు నిమిషాల మీద. నా ముందు ఇక ఒక్కరే, ఆ ష్ అన్నాయన, ఆయనా లేచాడు. నా వంతు.

మోకరించాను. జాలీ అవతల తెల్లటి వెంట్రుకలు పొడుచుకొచ్చిన పెద్ద చెవి, ఎంత మంచి చెవి, ఎన్నేళ్ళుగా మా అందరి బురదా దాంట్లో పోశాం, ఒక్క చుక్క లోపలికి పోలేదు. యేసుక్రీస్తుకు స్తోత్రం, పోయినసారి పాపసంకీర్తనం ఈస్టరుకి చేశాను, కమిటీ మీటింగులో అబద్ధమాడాను, యద్వీగ గారి పిల్లిని బూటు చూపించి బెదిరించాను, దేవుడి మొక్కొకటి తప్పాను, రెండు ఆదివారాలు పూజకి రాలేదు. అదే పేర్పు, ఈస్టరుకి పేర్చినట్టే, రెండు రొట్టెముక్కల మధ్య వాసనొచ్చే మాంసం ముక్క పెట్టినట్టు మధ్యలో. ఫాదర్ తల ఊపాడు, అందరికీ ఊపే ఊపే. "ప్రాయశ్చిత్తానికి మూడు మంగళవార్త జపాలు చెప్పుకో నాయనా," అన్నాడు. క్షమాపణ మాటలు మొదలుపెట్టాడు, లోపలినుంచి చెయ్యి లేచింది, ఇప్పుడు టక్ టక్ మంటుంది, నేను లేస్తాను, లేచి ఇంటికెళ్ళి చేప వేయిస్తాను, జూన్ దాకా మళ్ళీ గుండీలు చూస్తూ బతుకుతాను. ఈయన వినలేదు. వినలేదు కాదు, నేను చెప్పలేదు. దేవుడు ఎక్కడ కొడతాడోనని భయపడుతూ ఏడాదంతా ఆయన వినపడని చెవి ఎటువైపుందా అని వెతుక్కుంటున్నాను.

"ఆగండి ఫాదర్!"

చెయ్యి గాల్లో ఆగింది. "ఆఁ?"

"మీకు వినపడలేదు. మొక్కు తప్పానన్నాను. మొక్కు!" ఇక ఆగలేదు, అంతా వచ్చేసింది, ప్రార్థన గది, ఏడాది మొక్కు, పదకొండు రోజులు, ఆవిడ చచ్చిపోతున్నాననుకుందండీ, డబ్బాల మీద నెలలు రాసుకుందండీ, ఎందుకలా ఉన్నావని తర్వాత అడిగితే గొంతునొప్పి అని అబద్ధం చెప్పానండీ, తేనె తాగించింది వారం రోజులు, రిపోర్టు బావున్న ప్రతిసారీ నాకు భయమేస్తోందండీ, నేను తప్పినదానికి ఆయన ఆవిణ్ణి తీసుకుపోతాడేమోనని. ఫాదర్ కంగారుగా కుర్చీలో ఇటునుంచి అటు తిరిగిపోయి కుడి చెవి నా వైపు పెట్టాడు, "నెమ్మది, నెమ్మది నాయనా, ఊరికి కాదు, నాకు చెప్పు," అంటున్నాడు. అప్పటికి చెప్పడానికి ఏమీ మిగల్లేదు. ఎడమ పక్క పదమూడు మంది ఊపిరి బిగబట్టిన చప్పుడు నా వీపుకి తగులుతోంది.

"ఏం మొక్కుకున్నావూ? హాస్యమాడనని?" చెవిటివాళ్ళ గుసగుస మామూలు మనుషుల మాటకన్నా పెద్దది.

"అవునండి."

"ఆ నవ్వు ఎవరిది? నీదా?"

నేను తల తిప్పి మూడో బెంచీ వంక చూశాను.

"పాతికేళ్ళ నుంచి చూస్తున్నా మీ ఇద్దర్నీ. అది ఆవిడ సొత్తు. ఒకరి సొత్తు ఎత్తుకొచ్చి ఇంకొకడు మొక్కు చెల్లిస్తే ఆయన పుచ్చుకుంటాడా? దొంగసరుకు కొనేవాడనుకున్నావా ఆయన్ని? నువ్వు పదకొండు రోజులు తప్పు చేశావు నాయనా. పన్నెండో రోజు నుంచి కాదు."

జాలీ కొయ్యకి నుదురు ఆనించాను. చల్లగా ఉంది. గుమ్మం దగ్గర ఆగి ఉన్న ఆనందం ఇంక ఎవర్నీ అడక్కుండా లోపలికొచ్చింది, పొద్దుటిదీ, ఆగస్టుదీ, ఏప్రిల్‌దీ, ముగ్గురూ ఒకేసారి వచ్చినట్టు వచ్చాయి, కూర్చోబెట్టడానికి చోటు చాల్లేదు. "గొంతునొప్పి అబద్ధానికి మాత్రం అవే మూడు మంగళవార్తలు. పెంచమంటావా?" "వద్దండి." "నీ మొక్కు నేను రద్దు చేస్తున్నా. వెళ్ళు." క్షమాపణ మాటలు ఈసారి మొదటినుంచీ విన్నాను, ఒక్కొక్కటీ. టక్ టక్.

లేచి తిరిగితే వరసంతా బూట్లు చూసుకుంటోంది. యద్వీగ గారు మఫ్లరు కొస నోట్లో కుక్కుకుంది, భుజాలు ఎగురుతున్నాయి, కళ్ళు మాత్రం ఎర్రగా ఉన్నాయి. ఆవిడ నా మొహం చూసింది, కుడివైపు ఖాళీ జాలీ చూసింది, ఒక నిమిషం ఆలోచించి, సంచి సర్దుకుని అటువైపు నడిచింది. నేను మూడో బెంచీ దాకా నడిచాను, పది అడుగులే, పెళ్ళిపీట దగ్గరికి కూడా ఇంత జంకుతూ నడవలేదు. హలీనా నా వంక తిరగలేదు. జపమాల వేళ్ళ మధ్య ఆగి ఉంది. పక్కనున్న చేతిసంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది, నాకు చోటొచ్చింది. కూర్చున్నాను. బెంచీ కిర్రుమంది. కిటికీ అద్దాల్లో పగటి వెలుతురు అయిపోవస్తోంది, ఎవరో వెళ్ళి పశువులపాక బొమ్మల దగ్గర దీపం వేశారు, గడ్డి పరుపు ఖాళీగా ఉంది, బాలయేసుణ్ణి ఇంకా పెట్టలేదు.

"గాడిదా," అంది హలీనా, ముందుకే చూస్తూ.

"ఊఁ."

"నాకు చెప్పకుండా నా గురించి ఆయనతో మాట్లాడుకుంటావా?"

"తప్పే."

ఆవిడ ముక్కు తుడుచుకుంది. రుమాలు మడిచింది, మళ్ళీ మడిచింది, ఇక మడతకి లొంగనంత చిన్నది చేసింది.

"జూన్‌లో మళ్ళీ స్కానుంది."

"తెలుసు హాల్కా," అన్నాను, ముద్దుపేరుతో.

"ఈసారి ఏం మొక్కుకోకు. పక్కన కూర్చో. వాగుతూ ఉండు."

సరే అనడానికి నోరు తెరిచాను. యాభై నాలుగేళ్ళలో మొదటిసారి, ఏ మొక్కూ లేకుండా, నా నోట మాట రాలేదు. కళ్ళు మసకబారి పాక దగ్గరి దీపం మూడు దీపాలైంది. హలీనా చెయ్యి వచ్చి నా కోటు జేబులో దూరి, లోపల ఉన్న నా చేతిని వెతికి పట్టుకుంది, వెచ్చటి చెయ్యి, చెమ్మగా ఉన్న చెయ్యి, ఏమీ లేని చెయ్యి.

"తొందరేం లేదు," అంది. "ఇక్కడే ఉన్నా. వింటున్నా."